పిడికిలి బలం చాలని చోట

"అన్ని దెబ్బలు తింటూ ఎందుకు కూర్చున్నట్టు? ఒక్కటి తిరిగి ఇచ్చుకోవచ్చుగా!"

పక్కింట్లోనో, పై వాటాలోనో మొగుడు చెయ్యి చేసుకున్నాడని తెలియగానే మనలో చాలామంది నోట ముందు వచ్చే మాట ఇదే. నేనూ అన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు. మేడమీద వడియాలు పెట్టుకుంటూ అన్నాను. రైల్లో ఎదురుసీటులో కూర్చున్న ముక్కూమొహం తెలియని ఆవిడతోనూ అన్నాను. కొట్టినవాడి గురించి ఒక మాట అంటే, తిన్నదాని గురించి నాలుగు మాటలంటాం. "నోరులేని మనిషి", "చేతకాని మనిషి", "నేనైతేనా..."

ఈమధ్య ఒకావిడ కథ తెలిశాక, ఆ "నేనైతేనా" నా గొంతులోనే ఆగిపోయింది. ఎందుకంటే ఆవిడ నోరులేనిది కాదు. చేతకానిది అసలే కాదు. ఆవిడ చేతి దెబ్బకి ముప్ఫై ఒక్క పోటీలు గడువుకి ముందే ముగిసిపోయాయి. ఒక తరం అమెరికన్లకి "ఆడవాళ్ల బాక్సింగ్" అనగానే గుర్తొచ్చే మొదటి పేరు ఆవిడదే.

ఆ పేరు క్రిస్టీ మార్టిన్. అంత దెబ్బ కొట్టగల మనిషి, ఇరవై ఏళ్లపాటు తన ఇంట్లో ఒక మనిషికి భయపడుతూ బతికింది!

బొగ్గు ఊరి పిల్ల

అమెరికాలో వెస్ట్ వర్జీనియా అని ఒక రాష్ట్రం. కొండలూ, ఆ కొండల కడుపులో బొగ్గూ. మన సింగరేణి ఊళ్లు తెలిసినవాళ్లకి ఆ వాతావరణం వేరే చెప్పక్కర్లేదు. ఊరంతా గని చుట్టూ తిరుగుతుంది. 1968 జూన్ 12న పుట్టిన క్రిస్టీ పెరిగింది అక్కడి ఇట్మన్ అనే చిన్న ఊళ్లో. తండ్రి బొగ్గుగనిలో పనిచేసేవాడు. తర్వాత ఆమె బరిలోకి దిగేటప్పుడు "గని కార్మికుడి కూతురు" అనే బిరుదుతోనే పిలిపించుకుంది.

చిన్నప్పుడు ఆమె చేతిలో ఉండేది బాస్కెట్ బాల్. అందులో ఎంత రాణించిందంటే, కాలేజీలో చేరడానికి ఆ ఆట మీదే స్కాలర్‌షిప్ వచ్చింది. పంతులమ్మ కావాలన్నట్టుగా చదువుకుంది. బాక్సింగ్ ఆమె జీవితంలోకి వచ్చింది ఒక పందెం రూపంలో. ఆ ప్రాంతంలో అప్పట్లో "గట్టి ఆడది ఎవరు?" అన్న తరహాలో పోటీలు జరిగేవి. శిక్షణా అదీ ఏమీ లేకుండా ఎవరు పడితే వాళ్లు గ్లవ్స్ తొడుక్కుని దిగడమే. కాలేజీ స్నేహితులు ఉసిగొలిపితే సరదాకి దిగిన క్రిస్టీ గెలిచి బయటికొచ్చింది. మరుసటేడూ దిగింది, మళ్లీ గెలిచింది.

చేతిలో ఏదో ఉందని ఆమెకీ తెలిసింది, చూసినవాళ్లకీ తెలిసింది. 1989లో డబ్బు తీసుకుని ఆడే బాక్సర్ల జాబితాలోకి చేరింది.

ఇక్కడ ఒక చిన్న విషయం. బాక్సింగ్ దెబ్బ అంటే చేతి బలమే అనుకుంటాం. కాదట. దెబ్బ పుట్టేది పాదంలో. నేలని తన్నిన పాదం నుంచి తొడకి, తొడ నుంచి నడుముకి, నడుము గిర్రున తిరిగితే భుజానికి, అక్కడినుంచి పిడికిలికి. రోట్లో పప్పు రుబ్బేటప్పుడు మన నడుము తిరగకపోతే పొత్రం కదులుతుందా? అదే లెక్క. క్రిస్టీ ఎత్తు ఐదడుగుల నాలుగంగుళాలే. కానీ వెనకడుగు వెయ్యకుండా మీదమీదకి వెళ్లి, ఒళ్లంతా కూడదీసి కొట్టేది. ఆడవాళ్ల పోటీలంటే జుట్లు పట్టుకునే తమాషా అనుకుని వచ్చిన జనం నోళ్లు మూతపడేవి.

శిక్షకుడే మొగుడయ్యాడు

ఆట నేర్చుకోవడానికి టెనెసీ రాష్ట్రంలో బ్రిస్టల్ అనే ఊళ్లోని ఒక జిమ్‌కి వెళ్లింది క్రిస్టీ. వెంట వాళ్లమ్మ, చంకలో చిన్న కుక్కపిల్ల. అక్కడి శిక్షకుడు జిమ్ మార్టిన్‌కి వాళ్లని చూస్తే ఒళ్లు మండింది. ఆడపిల్లకి బాక్సింగేమిటని! మగ బాక్సర్ ఒకడితో ఆమె పక్కటెముకలు విరిగేలా కొట్టించి, మళ్లీ ఆ గుమ్మం తొక్కకుండా చేద్దామనుకున్నాట్ట. ఈ మాట తర్వాత ఆయనే పత్రికలవాళ్లకి నవ్వుతూ చెప్పాడు. వాళ్లూ అది చమత్కారంగానే రాసుకున్నారు.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే ఆ మాటలో నవ్వడానికేం కనబడదు.

ఆమె ఆట చూశాక ఆయన మనసు మార్చుకున్నాడు. ఈ పిల్లలో డబ్బుంది అని కనిపెట్టాడు. శిక్షకుడయ్యాడు, మేనేజరయ్యాడు, కొద్దికాలానికే మొగుడూ అయ్యాడు. అప్పటికి ఆమెకి ఇరవై దాటి రెండు మూడేళ్లు. ఆయన ఆమెకంటే సుమారు పాతికేళ్లు పెద్ద.

ఇంకో సంగతి కూడా ఉంది. క్రిస్టీకి ఆడపిల్లలంటేనే ఇష్టమని ఆమెకి చిన్నప్పుడే తెలుసు. ఆ చిన్న ఊళ్లో, ఆ రోజుల్లో అది నోరు విప్పి చెప్పుకునే మాట కాదు. ఇంట్లో ఒప్పుకోలేదు. నలుగురిలో మామూలుగా కనబడాలి, ఆటలో పైకి రావాలి. రెండింటికీ ఒకే మనిషి దారి చూపిస్తానన్నాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుంది. మన దగ్గర మాత్రం, నలుగురి నోళ్లు మూయించడానికి జరిగిన పెళ్లిళ్లు తక్కువా?

ఆ ఆరు రౌండ్లు

1993లో డాన్ కింగ్ ఆమెని తన దగ్గర చేర్చుకున్నాడు. మహమ్మద్ అలీ, మైక్ టైసన్ లాంటి వాళ్ల పోటీలు నడిపించిన వ్యాపారి ఆయన. ఒక ఆడ బాక్సర్‌తో ఆయన ఒప్పందం చేసుకోవడం అదే మొదలు. పెద్ద మగ బాక్సర్ల పోటీకి ముందు, జనం ఇంకా సీట్లు వెతుక్కుంటున్న వేళ, క్రిస్టీ పోటీ పెట్టేవాళ్లు. పెద్ద కచేరీకి ముందు చిన్నపిల్లల పాట పెట్టినట్టు.

1996 మార్చి 16. లాస్ వెగాస్‌లో ఎంజీఎం గ్రాండ్. ఆ రాత్రి అసలు పోటీ మైక్ టైసన్‌కీ, ఫ్రాంక్ బ్రూనోకీ. దానికి ముందు ఆరు రౌండ్లు క్రిస్టీకి, ఐర్లండ్ నుంచి వచ్చిన డియర్డ్రా గోగర్టీకి. గోగర్టీ కథ ఇంకో కథ. సొంత దేశంలో ఆడవాళ్ల బాక్సింగ్‌కి అనుమతి లేక, గ్లవ్స్ పట్టుకుని అమెరికా చేరిన మనిషి.

రెండో రౌండులో గోగర్టీని కింద పడేసింది క్రిస్టీ. అయిపోయింది అనుకున్నారంతా. గోగర్టీ లేచింది! లేచి, క్రిస్టీ ముక్కు మీద గురిచూసి కొట్టింది. రక్తం ధారకట్టింది. గులాబీరంగు దుస్తులు ఎర్రబడ్డాయి. అయినా ఒక్క అడుగు వెనక్కి వెయ్యలేదు. కారుతున్న రక్తంతోనే మీదకి వెళ్లి కొట్టింది. ఆరు రౌండ్లూ పూర్తయ్యేసరికి, సీట్లు వెతుక్కుంటున్న జనం నిలబడి అరుస్తున్నారు. న్యాయనిర్ణేతలు ముగ్గురూ క్రిస్టీదే గెలుపన్నారు.

తర్వాత జరిగిన అసలు పోటీ మూడో రౌండులోనే ముగిసిపోయింది. టైసన్ గెలిచాడు. కానీ మర్నాడు జనం మాట్లాడుకున్నది ముక్కు నుంచి రక్తం కారుతున్న ఆడమనిషి గురించి. ఏప్రిల్‌లో "స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్" పత్రిక ముఖచిత్రం మీద క్రిస్టీ బొమ్మ వచ్చింది. ఒక ఆడ బాక్సర్ బొమ్మ ఆ పత్రిక అట్ట మీద రావడం అదే మొదటిసారి.

డబ్బు లెక్క కూడా చెప్పాలి కదా! అప్పటి పత్రికల్లో వచ్చిన ప్రకారం ఆ రాత్రికి టైసన్‌కి మూడు కోట్ల డాలర్లు. క్రిస్టీకి పదిహేను వేలు. గోగర్టీకి మూడు వేలు. పొలంలో నాట్లేసే ఆడకూలీకీ, మగకూలీకీ ఉండే తేడా చూసి బాధపడే మనం, ఈ తేడాకి ఏం పేరు పెట్టాలి?

విచిత్రమేమిటంటే, ఆడవాళ్లందరి తరఫునా పోరాడుతున్నావా అని అడిగితే ఆ రోజుల్లో క్రిస్టీ ఒప్పుకునేది కాదు. తన ఆట తనకోసమే అనేది. తన గుట్టు బయటపడుతుందన్న భయంతో, ఎదుటి ఆడ బాక్సర్లని "మగరాయుడు" అన్న అర్థం వచ్చేలా ఎగతాళి చేసిన సందర్భాలూ ఉన్నాయి. ఆ మాటలకి తర్వాత చాలా బాధపడింది. ఆవిడని దేవతగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. భయం మనిషి చేత ఎలాంటి మాటలనిపిస్తుందో చెప్పడానికే ఈ సంగతి.

గులాబీరంగు వెనక

బరిలో ఆమె వేసుకునే గులాబీరంగు బట్టలు అందరికీ తెలుసు. "చూడండి, ఇంత దెబ్బకొట్టే మనిషి ఇంటికెళ్తే మామూలు ఇల్లాలే" అన్నది ఆ రంగులో ఉన్న ప్రచారం. మూలన నిలబడి నీళ్లు పట్టించేదీ, కట్లు కట్టేదీ మొగుడే. ఫొటోల్లో ఎంత ముచ్చటైన జంటో!

ఫొటోలో పడనిది తర్వాత ఆమే చెప్పుకొచ్చింది. సంపాదన ఆమెది, లెక్కలు ఆయనవి. ఆమె ఎక్కడికెళ్లినా, ఎవరితో మాట్లాడినా ఆయనకి తెలియాలి. స్నేహితులు ఒక్కొక్కరే దూరమయ్యారు. తర్వాతి సంవత్సరాల్లో ఆమె కొకైన్ అనే మత్తుమందుకి బానిసైంది. ఆ మత్తు అందించిందీ ఆయనే అని ఆమె చెప్పింది. ఆమెకి తెలియకుండా తీసిన వీడియోలు బయటపెడతానని బెదిరింపు. అన్నిటికంటే పైన ఒకే ఒక మాట, పెళ్లయిన కొత్తలో మొదలై ఇరవై ఏళ్లపాటు వినబడిన మాట: నన్ను వదిలి వెళితే చంపేస్తాను.

చదువుతుంటే మీకూ ఏదో తెలిసిన వరసలాగే అనిపించడం లేదూ? ముందు డబ్బు మీద చెయ్యి. తర్వాత పుట్టింటి మీద, స్నేహితుల మీద చెయ్యి. తర్వాత పరువు మీద చెయ్యి. ఒంటి మీద చెయ్యి పడేసరికి, పట్టుకోవడానికి ఇంకో చెయ్యి మిగలదు. ఇందులో పిడికిలి బలానికి పనేముంది?

ఆటలో ఎదుటి మనిషి ఎప్పుడు కొడతాడో తెలుస్తుంది. గంట మోగుతుంది, రౌండు మొదలవుతుంది. గంట మోగుతుంది, ఆగుతుంది. మధ్యలో రిఫరీ ఉంటాడు. పడిపోతే పది లెక్కపెడతాడు. మరీ మించిపోతే చేతులడ్డం పెట్టి పోటీ ఆపేస్తాడు. ఇంట్లో గంట లేదు. రిఫరీ లేడు. ఆపేవాళ్లు లేరు.

ఆటలోనూ ఎదురుదెబ్బలు మొదలయ్యాయి. 2003 ఆగస్టు 23న మహమ్మద్ అలీ కూతురు లైలా అలీతో తలపడింది. లైలా ఆమెకంటే చిన్నది, పొడగరి, బరువూ ఎక్కువే. నాలుగో రౌండులో క్రిస్టీ కూలబడింది. 2005లో హాలండ్ బాక్సర్ లూసియా రైకర్‌తో పోటీ ఖాయమైంది. గెలిచినవాళ్లకి పది లక్షల డాలర్లు అన్నారు. రైకర్ కాలి నరం తెగి ఆ పోటీ జరగనే లేదు. అయినా పట్టు వదలకుండా 2009లో, నలభై ఒకటో ఏట, డకోటా స్టోన్‌ని ఓడించి డబ్ల్యూబీసీ ప్రపంచ టైటిల్ గెలుచుకుంది.

బయట ప్రపంచ చాంపియన్. ఇంట్లో మాత్రం అదే భయం.

నీళ్ల చప్పుడు

2010 నవంబరులో క్రిస్టీ తెగించింది. చిన్నప్పటి స్నేహితురాలితో మళ్లీ మాటలు కలిశాయి. ఇక నీతో ఉండను అని మొగుడికి చెప్పేసింది. ఆయన తనని చంపేస్తాడేమోనన్న భయం ఆమెకి ఉంది. తల్లి దగ్గర కూడా తనకి ఆసరా దొరకలేదని ఆమె తర్వాత చెప్పుకుంది. ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. "సర్దుకుపోవే తల్లీ" అన్న మాట ఒక్క తెలుగు అమ్మలదే అనుకున్నాను ఇన్నాళ్లూ.

ఇలాంటి కేసులు చూసేవాళ్లు ఒక మాట పదే పదే చెబుతారు. ఆడమనిషికి ఎక్కువ ప్రమాదం ఉండేది కలిసి బతికినన్నాళ్లూ కాదు, "వెళ్లిపోతున్నా" అన్నాక వచ్చే రోజుల్లో. "అంత కష్టంగా ఉంటే వెళ్లిపోవచ్చుగా" అని తేలిగ్గా అనేవాళ్లు గుర్తుంచుకోవలసిన మాట ఇది.

నవంబరు 23. ఫ్లోరిడాలో అపోప్కా అనే ఊళ్లో వాళ్ల ఇల్లు. విపరీతమైన తలనొప్పితో పడకగదిలో పడుకుని ఉంది క్రిస్టీ. జిమ్ మార్టిన్ కత్తితో వచ్చాడు. పక్కటెముకల దగ్గర, ఛాతీ మీద పొడిచాడు. కాలిపిక్క కోసేశాడు. తర్వాత ఆమె తుపాకీతోనే, ఆమె ముచ్చటపడి కొనుక్కున్న గులాబీరంగు తుపాకీతోనే, గుండె పక్కన కాల్చాడు. చచ్చిపోతుందిలే అని నేల మీద వదిలేశాడు.

కాసేపటికి ఆమెకి స్నానాలగదిలో నీళ్ల చప్పుడు వినబడింది. ఒంటికంటిన రక్తం కడుక్కుంటున్నాడు.

ఆ చప్పుడే ఆమెకి గంట. లేచింది. ఎలా లేచిందో ఆమెకే తెలియదు. ఉత్త కాళ్లతో వీధిలోకి వచ్చి, రోడ్డుమీద పోతున్న కారుకి అడ్డంగా నిలబడి చెయ్యి ఊపింది. ఒళ్లంతా రక్తం. ఆ కారులో ఉన్నది ఆమెకి ఎవరో తెలియని మనిషి. మనకెందుకొచ్చిన గొడవ అనుకోకుండా ఆగాడు. ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. క్రిస్టీ బతికింది.

వారం రోజులకి జిమ్ మార్టిన్ పోలీసులకి దొరికాడు. కోర్టులో తన తరఫు వాదన ఏమిటో ఊహించగలరా? ఆత్మరక్షణ! ఆవిడ బాక్సర్ కదా, మీదికొస్తే ఇంకేం చెయ్యను అని. ఏ బలం ఆమెని కాపాడలేకపోయిందో, ఆ బలాన్నే ఆమె మీద సాక్ష్యంగా నిలబెట్టాలని చూశారు. జ్యూరీ నమ్మలేదు. 2012లో హత్యాయత్నం నేరం కింద ఇరవై ఐదేళ్ల శిక్ష పడింది. 2024 నవంబరులో ఆయన జైల్లోనే పోయాడు.

మళ్లీ బరిలోకి

పొడిచిన గాయాలు, ఛాతీలో తుపాకీ గుండు. ఇంకొకరైతే గ్లవ్స్ అటకెక్కించేవారు. ఏడాది తిరక్కుండానే, 2011 జూన్ 4న, లాస్ ఏంజెలెస్‌లో మళ్లీ బరిలో నిలబడింది క్రిస్టీ. ఎదురుగా అదే డకోటా స్టోన్. గెలిస్తే యాభయ్యో గెలుపు. ముందంజలో ఉంది కూడా. మధ్యలో కుడిచెయ్యి ఎముక విరిగింది. విరిగిన చేత్తోనే ఆడింది. చివరి రౌండులో ఇంక నిమిషం కూడా మిగిలిలేదనగా పోటీ ఆపేశారు. ఓడినట్టు ప్రకటించారు. ఆపొద్దని ఆమె బతిమాలుకుంటూనే ఉంది.

ఆ చేతికి శస్త్రచికిత్స చేస్తుండగా పక్షవాతం వచ్చింది. దాన్నుంచీ కోలుకుంది. 2012 ఆగస్టులో ఇంకొక్క పోటీ ఆడి, ఓడి, అప్పుడు ఆట మానేసింది. మొత్తం లెక్క: 49 గెలుపులు, 7 ఓటములు, 3 సమానం. గెలిచినవాటిలో 31 నాకౌట్లు. యాభయ్యో గెలుపు రానేలేదు.

బరిలో రాలేదు గానీ, బయట వచ్చిందని నేననుకుంటాను. ఆట మానేశాక బడిలో పాఠాలు చెప్పింది. బాక్సింగ్ పోటీలు తనే నడిపించడం మొదలుపెట్టింది. ఇంట్లో హింస పడే ఆడవాళ్ల కోసం ఒక సేవాసంస్థ పెట్టింది. ఊరూరా తిరిగి తన కథ చెప్పింది. 2017లో లీసా హోలవైన్‌ని పెళ్లి చేసుకుంది. ఎవరీ లీసా అంటారా? 2001లో క్రిస్టీతో పది రౌండ్లు తలపడి ఓడిపోయిన బాక్సరే!

అంతర్జాతీయ బాక్సింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి 2020 సంవత్సరానికి ఎంపికైనవాళ్లలో ముగ్గురు ఆడవాళ్లున్నారు. ఆ సంస్థలో ఆడ బాక్సర్లకి చోటు దక్కడం అదే మొదలు. క్రిస్టీ ఒకరు, తలపడకుండానే మిగిలిపోయిన లూసియా రైకర్ ఇంకొకరు, బ్రిటన్‌లో పుట్టిన పాతతరం బాక్సర్ బార్బరా బట్రిక్ మరొకరు. కరోనా వల్ల సన్మానం ఆలస్యమై 2022 జూన్‌లో జరిగింది. 2025లో ఆమె కథ "క్రిస్టీ" పేరుతో సినిమాగా కూడా వచ్చింది.

నిజామాబాద్ పిల్ల

క్రిస్టీ రక్తం ఓడుస్తూ గెలిచిన ఆ 1996లోనే, మూడు నెలల తర్వాత, మన నిజామాబాద్‌లో ఒక ఆడపిల్ల పుట్టింది. నిఖత్ జరీన్. ఆమె పెద్దయ్యేసరికి దారి కొంచెం వెడల్పయింది. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మొదటిసారి ఆడవాళ్ల బాక్సింగ్ పెట్టారు, మన మేరీ కోమ్ కంచు పతకం తెచ్చింది. నిఖత్ 2022 మేలో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ చాంపియన్ అయింది. మొహం మీద దెబ్బలు చూసి, ఈ పిల్లని ఎవరు చేసుకుంటారని మొదట్లో వాళ్లమ్మ బెంగపడితే, పేరొస్తే పెళ్లికొడుకులు వరస కడతారని ధైర్యం చెప్పిందట ఆ పిల్ల.

ఆ జవాబు చదివి నవ్వుకున్నాను. ఇద్దరి జీవితాలకీ పోలిక పెట్టడం లేదు. కానీ ఒక తేడా మాత్రం చెప్పుకోవాలి. నిఖత్‌కి మొదటి రోజు నుంచీ వెనక నిలబడింది కన్నతండ్రి. బెంగపడినా, ఆట మాన్పించని ఇల్లు. క్రిస్టీకి ఆట నేర్పినవాడే తలుపు గడియ పెట్టాడు. బలం ఇద్దరికీ ఉంది. తలుపు తెరిచి ఉంచిన ఇల్లు ఒకరికే దొరికింది.

మన అమ్మాయిలకి కరాటే నేర్పిద్దాం, బాక్సింగ్ నేర్పిద్దాం. నేర్పించి తీరాలి. వీధిలో వెకిలిగా నవ్వేవాడికి ఆ పిడికిలి జవాబు చెబుతుంది. అయితే, అది నేర్పాం కాబట్టి ఇంక మన బాధ్యత తీరిందనుకోవద్దు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 ప్రకారం మన దేశంలో పెళ్లయిన ఆడవాళ్లలో ప్రతి పదిమందికి సుమారు ముగ్గురు మొగుడి చేతి హింస చవిచూసినవాళ్లే. ఆ ముగ్గురికీ చేతుల్లో బలం లేకనా? నీళ్ల బిందెలు మోసిన చేతులవి, బస్తాలెత్తిన చేతులవి. లేనిది బలం కాదు. అర్ధరాత్రి తలుపు తడితే తీసే ఇల్లు. పేరు మీద ఒక బ్యాంకు ఖాతా. "నువ్వు చెప్పింది నమ్ముతున్నాను" అనే ఒక్క నోరు.

కాబట్టి నా పాత ప్రశ్న మార్చుకున్నాను. "ఎందుకు తిరిగి కొట్టలేదు" అని ఇక అడగను. "వస్తే మా ఇంట్లో చోటుందని ఆమెకి తెలుసా?" అని నన్ను నేను అడుగుతాను.

క్రిస్టీని బతికించింది ఆమె మొండితనం సగం. మిగతా సగం, ఆగిన ఆ కారు. అందరం బాక్సర్లం కాలేం. ఆగడం మాత్రం అందరికీ చేతనవును.

గుర్తుంచుకోండి

* గృహహింస నుంచి రక్షణ కల్పించే చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమలవుతోంది. కొట్టడం ఒక్కటే కాదు, తిట్లు, బెదిరింపులు, డబ్బు చేతికివ్వకుండా వేధించడం కూడా దీని కింద హింసే.

* ఇల్లు మొగుడి పేరు మీదున్నా, అత్తగారి పేరు మీదున్నా, కాపురం చేసిన ఇంట్లో ఉండే హక్కు భార్యకి ఉంది. ఈ చట్టం కింద రక్షణ కోరడానికి విడాకులు తీసుకోనక్కర్లేదు.

* బాధపడే మనిషే వెళ్లి చెప్పాలని లేదు. హింస జరుగుతోందని తెలిసిన ఎవరైనా రక్షణాధికారికి చెప్పవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారి మీద కేసులేమీ ఉండవు. ఇరుగుపొరుగు వాళ్లం ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సింది ఇదే.

* మహిళా హెల్ప్‌లైన్ 181. అత్యవసరమైతే పోలీసు సహాయానికి 112. ఉచిత న్యాయసహాయానికి 15100. ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది.

* జిల్లాల్లో ఉన్న "సఖి" కేంద్రాల్లో వైద్యం, పోలీసు, న్యాయ సలహా, కొద్దిరోజులు తలదాచుకునే చోటు ఒకేచోట దొరుకుతాయి.

* వెళ్లిపోవాలనుకునే మనిషి ఆ మాట ముందుగా ఇంట్లో ప్రకటించకపోవడం మంచిది. నమ్మకమైన ఒకరికి చెప్పి, ముఖ్యమైన కాగితాలు, కొంత డబ్బు వాళ్ల దగ్గర ఉంచితే మేలు.